ఎరువైపోతే దుబారా తీరిపోతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో జుహర్ వేళకు సుత్తుల మోత కాస్త తగ్గుతుంది. నమాజు చేసి వచ్చినవారు, చెయ్యవలసిన అవసరం లేనివారు అందరూ కలిసి షెడ్డు నీడలో టిఫిన్ క్యారేజీలు విప్పుతారు. ఒక లారీ బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు వ్రాసే పని నాది. మేస్త్రీలు, వెల్డర్లు, పెయింటర్లు, పని నేర్చుకునే కుర్రవాళ్ళు అంతా కలిపి పాతిక మందిమి. భోజనం అయ్యాక మిగిలిన అన్నం, కూర, అరటి తొక్కలు, టీ పిప్పి, ఎండాకాలమైతే చెరకు రసం బండివాడి పిప్పి, కొబ్బరి బొండాల డిప్పలు, ఇవన్నీ ప్రక్కనున్న కాలువలో పడేవి. కుక్కలు కొంత తినేవి. మిగిలింది కుళ్ళి, వాన వస్తే పొంగి, మా గుమ్మంలోకే వచ్చేది.

ఒక రంజాన్ మాసంలో ఇఫ్తార్ తరువాత మిగిలిన పుచ్చకాయ చెక్కలు, ఖర్జూరపు గింజలు, సగం కొరికి వదిలేసిన పండ్లు చూసి మా యజమాని బాధపడ్డారు. "రోజంతా ఆకలి అంటే ఏమిటో తెలుసుకున్నాం. అరగంటలో మరచిపోయాం" అన్నారు. ఆ పండుగ అయిన వారానికి షెడ్డు వెనుక రెండు డ్రమ్ములకు రంధ్రాలు కొట్టించి కంపోస్టు మొదలుపెట్టాం. ఆటోనగర్‌లో డ్రమ్ముకు రంధ్రాలు కొట్టడానికి ఎవరినీ బ్రతిమాలనక్కరలేదు కదా!

నాకున్న అలవాటు కొద్దీ బకెట్టును రోజూ తూచి పుస్తకంలో వ్రాశాను. మొదటి నెలలో రోజుకు నాలుగు కిలోల లోపు ఉండేది. రెండవ నెలలో ఆరు కిలోలు దాటింది. మనుషులు పెరగలేదు. వంట పెరగలేదు. మరి బరువు ఎందుకు పెరిగింది? ఒక మధ్యాహ్నం గుప్పెడు కాదు, సగం క్యారేజీ అన్నం బకెట్టులో బోర్లిస్తున్న వెల్డరును అడిగాను. అతను నిష్కల్మషంగా నవ్వి, "పారేయడం లేదుగా భాయ్, ఎరువేగా అవుతోంది" అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఈ వ్యాసం ఆ మాట గురించే.

అతను అన్నదానిలో తప్పేముంది? పైకి చూస్తే ఏమీ లేదు. మనిషి తినని అన్నాన్ని నేల తింటోంది. నేల తిన్నది తిరిగి మొక్క అవుతుంది. వస్తువు వ్యర్థం కానప్పుడు దుబారా (ఇస్రాఫ్) ఎక్కడిది? ఇలా వాదించేవారికి ఇస్లామీయ ధర్మశాస్త్రంలో కూడా ఒక ఆధారం దొరికినట్టే కనిపిస్తుంది. ఒక వస్తువు స్వభావమే పూర్తిగా మారిపోతే దాని ఆదేశం కూడా మారుతుందని ధర్మశాస్త్రవేత్తలు చెప్పారు. మద్యం తనంతట తాను సిర్కాగా మారితే అది సమ్మతమవుతుంది. ఉప్పు గనిలో పడిన జంతువు కాలక్రమంలో ఉప్పే అయిపోతే అది ఉప్పేనని హనఫీ విద్వాంసులు అన్నారు. దీనినే 'ఇస్తిహాలా' అంటారు. మరి అన్నం మట్టి అయిపోతే?

ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. ఇస్తిహాలా వస్తువుకు సంబంధించిన ఆదేశం. ఆ పదార్థం ఇప్పుడు శుద్ధమా, వాడుకోవచ్చా అన్న ప్రశ్నకు అది సమాధానం. మనిషి చేసిన పనికి అది సమాధానం కాదు. మద్యం సిర్కా అయితే సిర్కా సమ్మతమవుతుంది. దానిని మద్యంగా కాచినవాడి పని మాత్రం కాచిన పనిగానే ఉంటుంది. అలాగే అన్నం ఎరువైతే ఆ ఎరువు మంచిదే, నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. తినగలిగిన అన్నాన్ని అవసరానికి మించి పెట్టుకుని వదిలేసిన పని మాత్రం ఎరువు కాదు. అది కర్మల పత్రంలో ఉన్నచోటనే ఉంటుంది.

దివ్య ఖుర్ఆన్ అఅరాఫ్ సూరా 31వ ఆయత్‌లో తినడాన్నీ త్రాగడాన్నీ అనుమతించిన చోటనే మితిమీరడాన్ని వారించింది. బనీ ఇస్రాయీల్ సూరా 26, 27 ఆయత్‌లలో దుర్వ్యయం చేసేవారిని షైతాను సోదరులతో పోల్చింది. తకాసుర్ సూరా చివరి ఆయత్ అనుగ్రహాలను గురించి ఆ రోజున ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించింది. గమనించండి. ప్రశ్న అనుగ్రహాన్ని గురించి. అది చివరకు ఎక్కడికి చేరింది అన్నది ప్రశ్నలో ఒక భాగం మాత్రమే. దైవప్రవక్త (స) ఆకలితో ఒక అన్సారీ సహచరుని ఇంటికి వెళ్ళి, ఖర్జూరాలు, మాంసం తిని, చల్లని నీళ్ళు త్రాగాక, ఈ భోజనం గురించి కూడా ప్రళయదినాన మనం లెక్క చెప్పవలసి ఉంటుందని తన ప్రక్కనున్న అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి)లకు గుర్తుచేశారు. ఆకలితో తిన్న అన్నానికే లెక్క ఉంటే, తినకుండా బోర్లించిన అన్నానికి ఉండదా?

ఆ గుప్పెడు అన్నంలో ఏముందో ఒకసారి చూద్దాం. మన డెల్టా రైతుకు ఇది చెప్పనవసరం లేదు గాని, పట్నంలో పనిచేసే మనం మరచిపోతాం. ప్రకాశం బ్యారేజీ నుండి రైవస్ కాలువలో, బందరు కాలువలో దిగిన నీరు అందులో ఉంది. ఒక్క కిలో బియ్యం పండడానికి వేల లీటర్ల నీరు కావాలి. నారు పోసిన చేతులు, నాట్లు వేసిన నడుములు, ఎరువుల బస్తాల అప్పు, కోతమిషను డీజిలు, మిల్లు, లారీ (బహుశా మా షెడ్డులోనే బాడీ కట్టిన లారీ), వంటగ్యాసు, తెల్లవారుజామున లేచి క్యారేజీ సర్దిన ఇల్లాలి నిద్ర, ఇవన్నీ ఉన్నాయి. కంపోస్టు డ్రమ్ములో వీటిలో ఏది తిరిగి వస్తుంది? పది కిలోల తడి చెత్త వేస్తే ఎరువు రెండు మూడు కిలోలకు మించదు. తక్కినది ఆవిరై, గాలియై పోతుంది. నీరు తిరిగి రాదు. ఆమె నిద్ర అసలే రాదు. కాబట్టి అన్నాన్ని ఎరువు చేయడం నష్టాన్ని తగ్గించుకోవడమే. దానిని లాభంగా లెక్క వేసుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అయితే కంపోస్టే వద్దా? అలా అనడం మరొక అతి. అరటి తొక్కను ఎవరూ తినరు. టీ పిప్పి, చెరకు పిప్పి, కూరగాయల చెక్కు, మామిడి టెంక ఎవరి దుబారా వల్లా రాలేదు. వీటిని కాలువలో వేయడమే దుబారా. ఉమ్ముల్ మోమినీన్ మైమూనా (రజి) గారి ఇంటి సేవకురాలికి దానంగా వచ్చిన మేక ఒకటి చచ్చి పడి ఉంటే, దైవప్రవక్త (స) ఆ దారిన వెళుతూ చూశారు. దాని తోలు తీసి శుద్ధిచేసి వాడుకోలేదేమని అడిగారు. అది చచ్చిన జంతువు కదా అని వారు విన్నవించుకోగా, నిషిద్ధమైనది దానిని తినడం మాత్రమేనని తెలియజేశారు. ఈ హదీసును బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ చూడవచ్చు. ఒక మార్గం మూసుకుపోయినంత మాత్రాన వస్తువు పనికిరానిదై పోదు, మరో మార్గం వెదకాలి అన్న బోధ ఇందులో ఎంత స్పష్టంగా ఉందో చూడండి! తొక్కకు కడుపు మార్గం లేదు. నేల మార్గం ఉంది.

అంటే క్రమం ముఖ్యం. అన్నానికి మొదటి హక్కుదారు ఆకలిగొన్న మనిషి. తరువాత మేక, గేదె, కోడి, పిట్ట. వీటిలో దేనికీ పనికిరానిదే నేలకు. క్రింద పడిన ముద్దను దుమ్ము దులిపి తినమనీ, తినే ఆహారంలో శుభం (బర్కత్) ఏ భాగంలో ఉందో మనకు తెలియదనీ దైవప్రవక్త (స) బోధించారు. క్రింద పడిన ముద్దకే అంత విలువ ఇచ్చిన ధర్మాన్ని అనుసరించేవాళ్ళం మనం. క్యారేజీలోని ముద్దను నేరుగా డ్రమ్ములోకి పంపడానికి కంపోస్టును సాకుగా చూపలేం.

మేము ఏం చేశామంటే, వెల్డరును మందలించలేదు. బకెట్టు ప్రక్కన ఒక మూతగిన్నె పెట్టాం. చెయ్యి పెట్టని అన్నం, కూర భోజనానికి ముందే అందులో వెయ్యాలి, కావలసినవారు తీసుకోవాలి. మెస్సులో కొనుక్కుని తినే ఒంటరి కుర్రవాళ్ళు ఉన్నారు. ఆ గిన్నె ఒక్కరోజు కూడా నిండుగా మిగలలేదు. కొందరు ఇళ్ళలో చెప్పి క్యారేజీలో ఒక గిన్నె తగ్గించారు. బకెట్టు బరువు రెండు కిలోలకు దిగింది. ఎరువు తక్కువ వస్తోందని మా యజమాని నాతో వేళాకోళమాడారు గాని, ఆయన ముఖంలో సంతోషం దాగలేదు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాం. అసలు పరీక్ష తరువాత వచ్చింది.

కంపోస్టుకు తడి చెత్త ఒక్కటే సరిపోదు. దానికి తోడు పొడి పదార్థం కావాలి. ఎండుటాకులు, కొబ్బరి పీచు, రంపపు పొట్టు వంటివి. తడి ఎక్కువైతే గాలి ఆడదు. గాలి ఆడకపోతే కుళ్ళి కంపు కొడుతుంది. పిండిన స్పాంజిలా చెమ్మ ఉండాలి, వారానికి ఒకటి రెండుసార్లు తిరగవేయాలి. రెండు మూడు నెలలకు మట్టి వాసన వస్తుంది. సూక్ష్మజీవులు పనిచేస్తుంటే కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. మాంసం, ఎముకలు మాత్రం ఇటువంటి చిన్న డ్రమ్ములలో వద్దు, ఎలుకలు చేరతాయి. పని మొదలు కావడానికి కాస్త పేడ వేస్తారు. అపవిత్రమని ఒకరిద్దరు వెనుకాడారు. చెయ్యి తోముకుని కడుక్కుంటే సరిపోతుందని ఇమాం గారు చెప్పారు. మన పల్లెల్లో ఇంటి వెనుక పెంటకుప్ప లేని రైతు ఉండేవాడా? పన్నెండవ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్లెలో ఇబ్నుల్ అవ్వామ్ అనే ముస్లిం పండితుడు వ్యవసాయంపై వ్రాసిన 'కితాబుల్ ఫలాహా'లో ఎరువుల గురించి ఒక అధ్యాయమే ఉంది. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుండి 1931 వరకు మన దేశంలోని ఇండోరులో పనిచేసి, ఇక్కడి రైతుల అనుభవాన్ని కూడా కలుపుకుని రూపొందించిన పద్ధతికి ఇండోరు పద్ధతి అనే పేరు. ఈ విద్య మనకు కొత్త కాదు.

ఇక మా సంగతి. లారీ బాడీ షెడ్డులో రంపపు పొట్టుకు కొదవా? మొదటి డ్రమ్ముకు నేలమీది పొట్టునే ఊడ్చి వేశాం. ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. మూడు నెలలకు నల్లని, మెత్తని ఎరువు తయారైంది. ట్రాక్టరు ట్రాలీ బాగుచేయించుకోవడానికి కంకిపాడు వైపు నుండి వచ్చిన ఒక రైతు దానిని చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "సాయిబు గారూ, బంగారంలా ఉంది. ఇంటి దగ్గర నాలుగు సెంట్లలో కూరగాయలు వేశాం, రెండు బస్తాలు ఇప్పించండి" అన్నాడు. యజమాని సరేనన్నారు. బస్తాలు కట్టేటప్పుడు మా ముసలి మేస్త్రీ వచ్చి, కుప్పలో చెయ్యి పెట్టి, వ్రేళ్ళ మధ్య నలిపి, ఒక్క మాట అడిగారు. "ఈ పొట్టు మనం ఆయిల్ ఒలికినప్పుడు నేలమీద చల్లేదే కదా?"

అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

మా నేలమీది పొట్టులో పనికిరాని ఇంజను ఆయిల్ ఉంటుంది. గ్రైండరు నుండి రాలిన ఇనుప రజను ఉంటుంది. గీకేసిన పాత పెయింటు పొలుసులు ఉంటాయి. ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు రసాయనం ఉంటుంది. ప్రక్క షెడ్డులో బాటరీలు విప్పుతారు, ఆ దుమ్ము గాలికి వస్తుంది. అన్నం మెతుకు మట్టిలో మట్టి అవుతుంది. సీసం కాదు. ఎన్ని నెలలు మాగబెట్టినా, ఎంత వేడి పుట్టినా సీసం సీసంగానే ఉండి, ఆకుకూరకు చేరి, ఆకుకూర నుండి పిల్లల ఒంట్లోకి చేరగలదు. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే లోహం అది. ఇందాక ఇస్తిహాలా గురించి చెప్పుకున్నాం కదా! ఇక్కడ ఆ మారడమే జరగలేదు. పైకి మాత్రం అంతా మారినట్టే ఉంది, మంచి వాసన కూడా వస్తోంది.

మేస్త్రీ కుప్పలో చెయ్యి పెట్టినప్పుడు నాకు ఒక హదీసు గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు కుప్ప దగ్గర ఆగి లోపలికి చెయ్యి పోనిచ్చారు. వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే జనానికి కనిపించేలా తడిసిన దానిని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసం చేసేవాడు తనకు చెందినవాడు కాడని హెచ్చరించారు. ఆ వర్తకుడు ధాన్యాన్ని కావాలని తడపలేదు. వాన తడిపింది. అతని తప్పు తెలిసి కూడా దాచడం. మేమూ కావాలని విషం కలపలేదు. తెలియక జరిగింది. అయితే తెలిసిన క్షణం నుండి మా స్థితి వేరు.

రైతుకు విషయం చెప్పాం. అతను తేలికగా నవ్వేశాడు. "మేము చల్లే మందులకంటే ఎక్కువా సాయిబు గారూ? కట్టండి" అన్నాడు. ఇక్కడ మాలో మాకు వాదన జరిగింది. దాచకుండా చెప్పేశాం, కొనేవాడు ఒప్పుకున్నాడు, పైగా ఉచితంగా ఇస్తున్నాం, ఇక మన బాధ్యత తీరిందని కొందరు అన్నారు. వ్యాపార ధర్మం వరకే అయితే ఆ మాటకు బలం ఉంది. లోపం చెప్పి అమ్మినవాడు మోసగాడు కాడు. కాని ఆ కూరగాయలు రైతు ఒక్కడే తినడు. అతని పిల్లలు తింటారు, ఇరుగుపొరుగు తింటారు, ఎక్కువైతే పటమట రైతుబజారుకు వస్తాయి. వారెవరూ ఒప్పుకోలేదు. వారికి ఎవరూ చెప్పలేదు. ఇతరులకు హాని చేయరాదన్న ప్రవక్త (స) ఆదేశంలో, ఎదుటివాడు సరేనంటే చేయవచ్చన్న మినహాయింపు నాకు కనిపించలేదు. చివరకు యజమాని ఇవ్వలేదు. రైతు కొంచెం నొచ్చుకునే వెళ్ళాడు.

రెండవ డ్రమ్ముకు పద్ధతి మార్చాం. పొట్టు మానేసి, రోడ్డు ప్రక్క చెట్ల ఎండుటాకులు, బొండాల పీచు చీల్చి వేశాం. షెడ్డు నేల ఊడ్చిన చీపురు కూడా డ్రమ్ముల దగ్గరకు రానివ్వడం లేదు. కార్ఖానాలో కంపోస్టు పెట్టాలనుకునే సోదరులకు నేను నొక్కి చెప్పేది ఇదొక్కటే. వంట చెత్తకూ పని చెత్తకూ మధ్య గోడ కట్టండి. ఆయిల్ గుడ్డలు, ఆయిల్ పీల్చిన పొట్టు ప్రమాదకర వ్యర్థాలు. వాటిని నేలలో కలపడం, కాల్చడం, కాలువలో వేయడం మూడూ తప్పే. మన కాలువలు ఎక్కడికి పోతాయో తెలిసిందే కదా!

మరొక సంగతి. డ్రమ్ము తిరగవేసే పని ఎవరిది? మొదట్లో అది సహజంగానే అందరికంటే చిన్న కుర్రవాడి మీద పడింది. చెడువాసన వచ్చే పని ఏదైనా మన దగ్గర అలాగే పంపకమవుతుంది. పుణ్యం యజమానిది, వాసన కుర్రవాడిది! దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని ఆయిషా (రజి) చెప్పారు. తమ చెప్పులు తామే కుట్టుకునేవారన్న మాట కూడా ఆమె నుండి వచ్చింది. ఇప్పుడు మా దగ్గర వంతులున్నాయి. యజమాని వంతు గురువారం, నాది శనివారం. మొదటిసారి నాకు కడుపులో త్రిప్పింది. ఊరి చెత్తను రోజూ చేతులతో ఏరే మున్సిపాలిటీ కార్మికుల గురించి ఎన్నో మాటలు చదివాను గాని, ఆ రోజు అర్థమైనంత ఎప్పుడూ అర్థం కాలేదు. మనం ఇంట్లో తడి, పొడి కలిపేస్తే విడదీసే పని మాయమైపోదు. అది మరొకరి చేతికి వెళుతుంది, అంతే.

ఇది పెద్ద ప్రభుత్వాలు చేయవలసిన పని, పాతిక మంది చేస్తే ఏమవుతుంది అనేవారు సూర్యాపేటను గుర్తు చేసుకోవాలి. మన హైదరాబాదు రోడ్డులోనే ఉన్న ఊరు. లక్ష జనాభా. 2003 ప్రాంతంలో మున్సిపల్ కమిషనరుగా ఉన్న ఎస్.ఎ. ఖాదర్ హయాంలో ఇంటింటి నుండి తడి, పొడి వేరుగా సేకరించి, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి, పొడి చెత్తను అమ్మి, వీధి చెత్తకుండీలే లేని ఊరుగా దానికి దేశమంతటా పేరు తెచ్చారు. 2000లో వచ్చిన చెత్త నిబంధనలు అప్పటికి చాలా నగరాల్లో కాగితం మీదే ఉన్నాయి. 2016లో నిబంధనలు మళ్ళీ వచ్చాయి. 2021 అక్టోబరు 2న మన విజయవాడలోనే క్లాప్ పథకం పేరుతో మూడు రంగుల బుట్టలు మొదలయ్యాయి. దానితోపాటు వచ్చిన చెత్త పన్ను మీద జరిగినంత చర్చ బుట్టల మీద జరగలేదు. 2024లో పన్ను రద్దయింది. బుట్టలు ఏమయ్యాయో ఎవరింట్లో వారు చూసుకోవాలి. మా ఇంట్లో నీలం బుట్టలో ఉల్లిపాయలు పోసి ఉండేవి.

ఆ రైతు పోయిన శీతాకాలం మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండవ డ్రమ్ము ఎరువు ఒక బస్తా ఇచ్చాం. "అప్పుడు ఎందుకు ఇవ్వలేదో ఇంట్లో చెబితే మా ఆవిడ మంచిపని చేశారంది" అన్నాడు.

మొదటి డ్రమ్ము ఎరువు మూడు బస్తాలు ఇప్పటికీ మా షెడ్డు వెనుక రేకుల క్రింద ఉన్నాయి. లారీల వెనుక అక్షరాలు వ్రాసే మా పెయింటరు వాటిమీద ఎర్ర రంగుతో 'పొలానికి కాదు' అని వ్రాశాడు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారు మూడు బస్తాల కోసం బండి పంపరు. అందుకని ప్రక్క షెడ్ల వారిని కూడా ఆయిల్ పొట్టు విడిగా దాచమని అడుగుతున్నాం. ఇప్పటికి నలుగురు ఒప్పుకున్నారు. అందరివీ కలిస్తే ఒక లోడు అవుతుంది.